నల్లమల యాత్రకు నాలుగు రోజులుంటే, శ్రీశైలంలోనే రెండు రాత్రులు ఉండండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కార్తీకం దగ్గర పడే కొద్దీ మా కర్నూలు ఆఫీసుకు శ్రీశైలం ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చినవాటిలో దాదాపు అన్నీ ఆ కొండ గురించే, అందుకే శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మేం అనంతపురంలో ఉంటాం. కార్తీకంలో శుక్రవారం పొద్దున బయల్దేరి సోమవారం రాత్రికి ఇంటికి చేరాలి. సొంత కారు. మావారు, నేను, ఎనిమిదేళ్ల బాబు, పన్నెండేళ్ల పాప, మా అత్తగారు. ఆమెకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, షుగర్‌కు ఇన్సులిన్ వేసుకుంటారు. మంత్రాలయం, ఆలంపురం, శ్రీశైలం, మహానంది, యాగంటి, అహోబిలం అన్నీ చూడాలని ఉంది. పక్కింటివాళ్లు మూడు రోజుల్లో ముగించుకొచ్చామంటున్నారు. మాకు కుదురుతుందా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మీ దగ్గర ఆరు క్షేత్రాలున్నాయి, నాలుగు రోజులున్నాయి, డెబ్బై రెండేళ్ల అత్తగారున్నారు. ఈ మూడింట్లో మనం తగ్గించగలిగింది క్షేత్రాలనే. పక్కింటివాళ్లు మూడు రోజుల్లో ముగించారంటే కారులోనే ఎక్కువసేపు ఉన్నారని అర్థం, దాంతో మీకు పోటీ వద్దు.

మంత్రాలయం మీకు పూర్తిగా వేరే దారి. గుంతకల్లు, ఆదోని వైపు ఇంకో ఆదివారం వెళ్లి, ముందు మంచాలమ్మను, తర్వాత రాఘవేంద్రస్వామి బృందావనాన్ని చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. అహోబిలాన్ని ఈ యాత్రలోంచి తీసేయండి. నవ నారసింహుల్లో జ్వాలా నరసింహుడి దగ్గరకు, పావన నరసింహుడి దగ్గరకు వెళ్లాలంటే కొండల్లో నడక ఉంది, పెద్దావిడను దిగువ అహోబిలంలో కూర్చోబెట్టి మీరు ఎక్కడం, ఆమె కోసం మీరు సగంలో దిగి రావడం రెండూ బాధే. పిల్లలు కాస్త పెద్దయ్యాక దానికి విడిగా రెండు రోజులు పెట్టుకోండి. ఆలంపురం కర్నూలు నుంచి పాతిక కిలోమీటర్ల దూరమే, జోగులాంబను, బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలను నిదానంగా చూడాల్సిన చోటు, తిరుగు ప్రయాణంలో అలసిపోయి అరగంటలో చుట్టేసేది కాదు. కాబట్టి మిగిలినవి మూడు: యాగంటి, మహానంది, శ్రీశైలం. ఈ మూడూ మీకు ఒకే దారిలో పడతాయి.

రోజుల విషయం ముందు తేల్చుకోండి. కార్తీకంలో శని, ఆది, సోమ వారాలంటే శ్రీశైలంలో కాలు పెట్టే సందుండదు. రద్దీ మరీ ఎక్కువైన రోజుల్లో స్పర్శ దర్శనం ఆపేసి అందరికీ అలంకార దర్శనమే ఇస్తారు, అంటే స్వామిని దూరం నుంచి చూసి రావడమే. మీ అత్తగారు చేత్తో తాకాలని కోరుకుంటే మీరు అనుకున్న రోజులు పనికిరావు. సెలవు దొరికితే సోమవారాలు, పౌర్ణమి తప్పించి మంగళవారం బయల్దేరి శుక్రవారానికి తిరిగి రండి. బడి ఒప్పుకోకపోతే కార్తీకం దాటాక మార్గశిరంలో వెళ్లండి. చలి ఉంటుంది, శాలువాలు పెట్టుకోండి, గుడిలో నిలబడే ఓపిక మాత్రం అందరికీ ఉంటుంది. కార్తీకంలోనే వెళ్లాలన్నది మొక్కు కాకపోతే నేనైతే మార్గశిరమే అంటాను.

మొదటి రోజు పొద్దున ఐదింటికి బయల్దేరితే తాడిపత్రి, కొలిమిగుండ్ల, బనగానపల్లె మీదుగా టిఫిన్ టైముకు యాగంటి. ఉగ్గాని, బజ్జీ దారిలోనే తినేయండి. యాగంటిలో కోనేరు, ఉమామహేశ్వరుడి గుడి పెద్దావిడ సులువుగా చూస్తారు, గుహలకు మాత్రం నిటారు మెట్లు, అక్కడికి పిల్లలను తీసుకుని ఒక్కరు వెళ్తే చాలు. నందిని చూపించేటప్పుడు పిల్లలకు కథ చెప్పండి: ఈ బసవన్న పెరుగుతూ ఉంటాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారని మన వైపు తాతలు చెప్తారు. ఒకప్పుడు ఆ నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లట, ఇప్పుడు స్తంభాలకూ నందికీ మధ్య మనిషి పట్టడు. కాకి ఒక్కటైనా కనిపిస్తుందేమో వెతకమనండి, అగస్త్యుడి శాపం వల్ల యాగంటిలో కాకులు వాలవని కదా చెప్పుకునేది. ఆ వెతుకులాటలో వాళ్లకు గంట ఇట్టే గడిచిపోతుంది.

మధ్యాహ్నం భోజనం నంద్యాలలో, సాయంత్రానికి మహానంది, రాత్రి అక్కడే. మహానందిలో నిద్ర చేయమనడం పొద్దుటి స్నానం కోసం. ఊటనీళ్లు ఏడాది పొడుగునా ఆగకుండా వస్తాయి, అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా కనిపించేంత తేట, చలికాలంలో గోరువెచ్చగా ఉంటాయి. గుడి బయట గుండాల్లో తెల్లారకముందే జనం తక్కువ, పెద్దావిడ చేయి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెడితే నడుముదాకా నీళ్లు వస్తాయి. ఆమెకు ఆ స్నానమే సగం యాత్ర.

రెండో రోజు టిఫిన్ అయ్యాక బయల్దేరి వెలుగోడు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం. ఆత్మకూరు దాటితే అడవి. పెట్రోలు అక్కడే పోయించుకోండి, ఇంటికి ఫోన్ చేయాలన్నా అక్కడే చేయండి, ఆ తర్వాత చాలా దూరం సిగ్నల్ ఉండదు. అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, చెక్‌పోస్టు దగ్గర ఎవరినీ వదలరు, అది పులుల అడవి. సాయంత్రం నాలుగింటికల్లా కొండ మీద ఉండేలా చూసుకుంటే ఆ టెన్షన్ మీకుండదు. ఘాట్‌లో పిల్లలకు వాంతులవుతాయి, కడుపు నిండా పెట్టకండి. కోతులకు అరటిపండ్లు వేయకండి, బండి ఆగితే చాలు మీదికి రావడానికి అలా వేసేవాళ్లే కారణం.

ఆ రాత్రి గుడి హడావిడి పెట్టుకోకుండా దేవస్థానం అన్నదానంలో తినేసి పడుకోండి. మూడో రోజు పొద్దున స్పర్శ దర్శనం. టికెట్ దేవస్థానం వెబ్‌సైట్‌లో ముందే తీసుకోండి, ఆధార్ కార్డులు దగ్గరుంచుకోండి, మగవాళ్లకు పంచె కండువా, ఆడవాళ్లకు చీర. ఇక్కడ ఒక సంగతి ఎవరూ చెప్పరు, పెద్దవాళ్లున్న ఇంటికి అదే ముఖ్యం. మల్లన్న లింగం చిన్నది, నేలకు దగ్గరగా ఉంటుంది. తల ఆనించాలంటే బాగా వంగాలి, వెనకనుంచి జరగమంటుంటారు, ఉండేది కొన్ని క్షణాలే. మోకాళ్లు మడవని మనిషి ఆ కంగారులో తూలిపోతారు. మీవారిని ముందు, మిమ్మల్ని వెనక ఉంచుకుని ఆమెను మధ్యలో నడిపించండి, తల ఆనించక్కర్లేదు చేయి తాకితే చాలని ముందే చెప్పి ఉంచండి. వీల్‌చైర్ కావాలంటే దేవస్థానం సమాచార కేంద్రంలో ముందురోజే అడిగిపెట్టుకోండి.

స్వామి దర్శనం అవగానే బయటికి పరుగెత్తకండి. వెనకవైపు మెట్లెక్కితే భ్రమరాంబ అమ్మవారు. జ్యోతిర్లింగం, శక్తిపీఠం ఒకే ప్రాంగణంలో ఉన్న చోటు ఇది. అమ్మవారి గర్భగుడి వెనక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెద ఝుంకారం వినిపిస్తుందంటారు, పాప తప్పకుండా ఆనిస్తుంది చూడండి. ముడతలు పడినట్టుండే వృద్ధ మల్లికార్జునుడి లింగాన్ని చాలామంది చూడకుండానే వచ్చేస్తారు, అడిగి చూడండి. సాయంత్రం ఎండ తగ్గాక ప్రాకారం గోడ బయటివైపు నడవండి. రాతి మీద వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, శివలీలలు. గుడికి వచ్చేవాళ్లలో ఆ గోడ వైపు తల తిప్పేది ఎంత తక్కువమందో చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. విజయనగరం కాలం శిల్పులు అంత పని చేసి పెడితే మనం దానికి చెప్పులు ఆనించి ఫొటోలు దిగుతాం.

కొండ కింద కృష్ణలో స్నానాల రేవు పాతాళగంగ, అక్కడికి రోప్‌వే ఉంది, మెట్లు వద్దు. నాలుగో రోజు తిరిగివచ్చే దారిలోనే పాలధార పంచధార, హఠకేశ్వరం, శిఖరేశ్వరం, సాక్షి గణపతి. పాలధారకు మెట్లు దిగాలి, అత్తగారిని దించకండి. శిఖరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూపించడం పిల్లలకు మీరే నేర్పాలి. సాక్షి గణపతి దగ్గర మాత్రం అందరూ దిగాలి, మీరు వచ్చినట్టు రాసుకునేది ఆయనే. పదకొండుకల్లా కొండ దిగితే నందికొట్కూరు, కర్నూలు మీదుగా రాత్రికి అనంతపురం.

ఇన్సులిన్ గురించి. కారు డాష్‌బోర్డులో పెట్టకండి, ఎండకు పాడవుతుంది. ఐస్ ముక్కలకు ఆనించి కూడా పెట్టకండి, గడ్డకడితే ఇక పనికిరాదు. వెడల్పు మూతి ఫ్లాస్కులో తడిగుడ్డ చుట్టి పెట్టుకుంటే దారిలోకి సరిపోతుంది, గదికి వెళ్లగానే ఫ్రిజ్ ఉందేమో అడగండి. కార్తీకమని ఆమె ఉపవాసం అంటారు, డాక్టర్ ఒప్పుకుంటేనే. జొన్న రొట్టెలు ఎండబెట్టినవి, చెనక్కాయల పొడి నాలుగు రోజులు పాడవకుండా ఉంటాయి, క్యూలో ఆలస్యమైతే ఆమె సంచిలో అవే ఉండాలి. కొండ మీద పెద్ద వైద్యం కావాలంటే మళ్లీ అడవి దాటి రావాల్సిందే, ఇది గుర్తుంచుకుని బయల్దేరండి.

ప్రశ్న: శ్రీశైలానికి ద్వారాల గుండా వెళ్లాలని మా జేజి చెప్పేది. సిద్ధవటం మన దక్షిణ ద్వారం కదా, నాలుగు ద్వారాలూ ఒకే యాత్రలో బస్సుల మీద చూడొచ్చా? మూడు రోజులున్నాయి. – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ జేజి చెప్పింది నిజం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట ఆలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వీటికి తోడు నాలుగు ఉపద్వారాలున్నాయి, వాటిలో పుష్పగిరి కూడా మన కడప జిల్లాదే. పెద్దలు ద్వారం చూసి వెళ్లమన్నారు గానీ నాలుగూ ఒకే విడత చుట్టమనలేదు. ఉమామహేశ్వరం తెలంగాణలో అచ్చంపేట దగ్గర, త్రిపురాంతకం మార్కాపురం అవతల. మూడు రోజుల్లో బస్సులు మారుతూ వెళ్తే మీరు చూసేది బస్టాండ్లే.

మీరు దక్షిణం వాళ్లు, మీ ద్వారం గుండా వెళ్లండి. ఒక రోజు పొద్దున సిద్ధవటం, పెన్న ఒడ్డున కోట లోపల సిద్ధేశ్వరుడి దర్శనం, సాయంత్రం పుష్పగిరి. మర్నాడు నంద్యాల చేరి అక్కణ్నుంచి శ్రీశైలం బస్సు, మధ్యాహ్నం లోపలే ఎక్కండి, అడవి గేటు సంగతి పైన రాశాను. ఘాట్‌లో ఇబ్బంది పడేవాళ్లయితే ముందు వరస సీటు అడిగి తీసుకోండి. ఆ రాత్రి, మరునాడు పొద్దున శ్రీశైలంలో గడిపి తిరిగి రావచ్చు. త్రిపురాంతకం ఇంకోసారి, గుంతకల్లు–గుంటూరు రైలు లైన్లో మార్కాపురం రోడ్డులో దిగి వెళ్లండి.

ప్రశ్న: శ్రీశైలంలో గది కోసం ఫోన్‌లో వెతికితే ఒక వెబ్‌సైట్ వచ్చింది, గుడి ఫొటోలు, దేవస్థానం పేరు అన్నీ ఉన్నాయి. డబ్బు కట్టాం, రసీదు కూడా వచ్చింది. తీరా కౌంటర్‌లో అడిగితే మా పేరే లేదు. డబ్బు తిరిగొస్తుందా? – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: అన్నా, ఆలస్యం చేయకండి, ఇది చదివిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ అదే నంబరు. డబ్బు పోయిన గంటల్లోనే చెప్తే అవతలి ఖాతాను ఆపే వీలుంటుంది, రోజులు గడిచే కొద్దీ ఆశ తగ్గుతుంది. రసీదు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, మీతో మాట్లాడిన ఫోన్ నంబరు చెరిపేయకుండా ఉంచి, మీ ఊరి పోలీసు స్టేషన్లో కూడా రాసివ్వండి.

పండగ కాలంలో ఇలాంటి దొంగ సైట్లు పుట్టుకొస్తాయి. వెతికినప్పుడు అన్నిటికంటే పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన, అది దేవస్థానం అనుకోవద్దు. ఒక మనిషి ఫోన్ నంబరుకు నేరుగా యూపీఐ పంపమన్నారంటే అక్కడే ఆగిపోండి. గంగా సదన్, గౌరీ సదన్, మల్లికార్జున సదన్ లాంటివి దేవస్థానం గదులు, వాటి బుకింగ్ దేవస్థానం సొంత వెబ్‌సైట్‌లోనే. అవి దొరకకపోతే సత్రాలున్నాయి, దాదాపు ప్రతి కులానికీ కొండ మీద ఒక సత్రం ఉంది, మీ ఊళ్లో ఆ సంఘం పెద్దలను అడిగితే అసలు నంబరు దొరుకుతుంది.

ప్రశ్న: శివరాత్రికి ఆత్మకూరు నుంచి అడవిదారిలో నడిచి వెళ్లాలని నలుగురు స్నేహితులం అనుకున్నాం. చెప్పుల్లేకుండా నడవాలా? ఎన్ని రోజులు పెట్టుకోవాలి? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తమ్ముడూ, మంచి ఆలోచన, అయితే శివరాత్రికి, ఉగాదికి అటవీశాఖ వదిలే రోజుల్లోనే ఆ దారి తొక్కాలి. వేరే రోజుల్లో నలుగురే వెళ్దామనుకోవద్దు. దారి ఇది: ఆత్మకూరు దగ్గర వెంకటాపురం, అక్కణ్నుంచి నాగలూటి వీరభద్రుడు, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం. రెడ్డిరాజుల కాలం నుంచీ యాత్రికులు ఎక్కిన రాతి మెట్లు అక్కడక్కడా ఇప్పటికీ కనిపిస్తాయి. నాగలూటి దాకా ఉత్సాహంగా ఉంటుంది. పెచ్చెరువు దగ్గర రాత్రి ఆగి పడుకోండి, అందరూ ఆగేది అక్కడే. కష్టమంతా భీమునికొలను దగ్గర. నిటారుగా లోయలోకి దిగాలి, దిగినంతా మళ్లీ కైలాసద్వారం దాకా ఎక్కాలి. రెండో రోజు అప్పటికే కాళ్లు వాచి ఉంటాయి కాబట్టి ఆ చోటికి మిట్టమధ్యాహ్నం చేరకుండా చూసుకోండి.

మొక్కు ఉంటే చెప్పుల్లేకుండా నడవండి, మీ ఇష్టం. మొక్కు లేకపోతే పాత బూట్లు వేసుకోండి, యాత్ర కోసం కొత్తవి కొనకండి, అవే కాళ్లు కోస్తాయి. బొబ్బలు పిన్నుతో పొడవకండి. ఓఆర్ఎస్ పొట్లాలు, రెండు లీటర్ల నీళ్లు పట్టే స్టీలు సీసా, టార్చి, ఇవి మనిషికొకటి. వంట మంట పెట్టొద్దు, ఆ రోజుల్లో గడ్డి ఎండిపోయి ఉంటుంది, చిన్న నిప్పురవ్వకు నల్లమల తగలబడుతుంది, మనం మొక్కు తీర్చుకోవడానికి వెళ్లి జింకలకూ చెంచుపెంటలకూ నిప్పు పెట్టినట్టవుతుంది. ఆ అడవి చెంచులది, మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య, వాళ్ల పిల్లను పెళ్లాడిన అల్లుడు. వాళ్ల గూడెం పక్కనుంచి వెళ్లేటప్పుడు ఫొటోల కోసం ఇళ్లలోకి తొంగిచూడకండి.

నడకకు రెండు రోజులు, కొండ మీద ఇంకో రెండు రోజులు పెట్టుకోండి. శివరాత్రి నాడే చేరుకునేలా కాకుండా ఒక రోజు ముందే చేరండి. శివరాత్రి నాటి రాత్రి గుడిలో దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో చేనేత భక్తుడు స్వామివారి విమానానికి, నందులకు పాగా చుడతాడు. చీరాల వైపు నేత కుటుంబం రోజుకో మూర చొప్పున ఏడాది పొడుగునా నేసిన గుడ్డ అది. నడిచి వచ్చిన అలసటతో అది చూడకుండా నిద్రపోతే ఏడాది ఆగాలి.

ప్రశ్న: ఉగాది ముందు కర్ణాటక భక్తులు మా ఊరి మీదుగా నడిచి వెళ్తారు. ఈసారి మా మహిళా సంఘం తరఫున వాళ్లకు ఏదైనా చేయాలనుకుంటున్నాం. మజ్జిగ పోస్తే చాలా? – ఒక పాఠకురాలు, నందికొట్కూరు

జవాబు: చాలా సంతోషం అమ్మా. వాళ్లు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర, పసుపు, కుంకుమ పట్టుకుని నడిచి వస్తారు, వాళ్లకు ఆదరణ మన వైపు ఎప్పటినుంచో ఉన్నదే. మజ్జిగ మధ్యాహ్నం చాలామంది ఇస్తారు. మీరు సాయంత్రం పెట్టండి. చీకటి పడేసరికి వాళ్లకు కావలసింది వేడినీళ్లు, కాళ్లకు రాసుకోను కొబ్బరినూనె, పడుకోను కప్పున్న చోటు. బడి వరండా అడిగి చూడండి. ఆడవాళ్లకు స్నానానికి తడికెలతో ఒక మరుగు కట్టిస్తే అంతకంటే పెద్ద సాయం లేదు, ఎవరూ పట్టించుకోనిది అదే. భోజనానికి జొన్న రొట్టె, పప్పు, పచ్చడి వాళ్లకూ ఇష్టమే. ప్లాస్టిక్ గ్లాసులు వద్దు, మీ సంఘం వాళ్ల ఇళ్ల నుంచి స్టీలు గ్లాసులు తెచ్చి, కడగడానికి ఇద్దరిని పెట్టండి.

ప్రశ్న: నీళ్లలో మునిగే సంగమేశ్వరం గుడికి శ్రీశైలం వెళ్లేటప్పుడే వెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: కార్తీకంలో వెళ్తే గుడి కనపడదు, శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లలో ఉంటుంది. నీటిమట్టం తగ్గే ఎండాకాలంలో బయటపడుతుంది, మళ్లీ వరద వచ్చేదాకా అంతే. కాబట్టి ఇది వేసవి యాత్ర. ఆత్మకూరు వైపు వెళ్లే ముందు రిజర్వాయరు మట్టం పేపర్లో చూసుకోండి, నిండితే 885 అడుగులు, అందులో బాగా తగ్గిందంటేనే బయల్దేరండి. వేప మొద్దుతో చేసిన లింగం అక్కడ, ఏటా నెలల తరబడి నీళ్లలో ఉండి కూడా చెక్కుచెదరలేదు. నీడ ఉండదు, గొడుగులు పట్టుకెళ్లండి.